బైబిల్ వచనం అక్షరార్థమా, అలంకారమా? తేల్చుకోవడం ఎలా

"బైబిల్‌ని నువ్వు ఉన్నదున్నట్టు నమ్ముతావా, లేదా?" అని ఎవరైనా నిలదీస్తే అవుననీ కాదనీ చెప్పకండి, ప్రశ్నే తేడాగా ఉంది. ఉన్నదున్నట్టు నమ్ముతాం అనేవాళ్ళు కూడా యేసు "నేనే ద్వారమును" (యోహాను 10:9) అన్నప్పుడు చెక్క తలుపు అనుకోరు. అంతా అలంకారమే అనేవాళ్ళు కూడా యేసుకి సిలువ శిక్ష వేసిన రోమా అధిపతి పిలాతు ఒక ప్రతీక అనరు. అందరూ రెండు రకాలుగానూ చదువుతారు, కాకపోతే ఎక్కడ ఏది అన్నదానికి చాలామంది దగ్గర లెక్క ఉండదు, అప్పటికి ఏది అనుకూలంగా ఉంటే అది. ఆ లెక్క ఎలా పెట్టుకోవాలో చూద్దాం.

మొట్టమొదట, వచనాన్ని ఒంటరిగా పీకి చూడటం మానేయండి. అది ఏ రకం రచనలో ఉందో చూడండి: కథనమా, పాటా, సామెతా, ఉపమానమా, ఉత్తరమా, దర్శనమా. దీనికి మంచి అభ్యాసం నిర్గమకాండము 14, 15 అధ్యాయాలు. రెండిట్లోనూ ఇశ్రాయేలీయులు సముద్రం దాటిన సంగతే. 14లో మామూలు కథనం: మోషే చెయ్యి చాపాడు, రాత్రంతా బలమైన తూర్పు గాలి వీచింది, నేల ఆరింది, తెల్లవారేసరికి నీళ్ళు తిరిగొచ్చి ఐగుప్తు సైన్యాన్ని ముంచేశాయి. 15లో అదే సంగతి పాటగా వస్తుంది. అక్కడ తూర్పు గాలి లేదు, దేవుడి ముక్కుపుటాల ఊపిరికే నీళ్ళు కుప్పపడ్డాయి. శత్రువులు సీసంలా మునిగిపోయారు, రెండు వచనాలు దాటగానే భూమి వాళ్ళని మింగేసింది! నీళ్ళలో మునిగినవాళ్ళని భూమి ఎలా మింగిందని తల పట్టుకునేవాళ్ళు పాటని పోలీసు రిపోర్టులా చదువుతున్నట్టు. న్యాయాధిపతులు 4, 5 కూడా ఇలాంటి జంటే, 5లో నక్షత్రాలు శత్రు సేనాధిపతి సీసెరాతో యుద్ధం చేస్తాయి. ఈ రెండు జంటలూ ఒక్కసారి నింపాదిగా చదివితే కీర్తనల్లో నదులు చప్పట్లు కొట్టినప్పుడు మీరిక ఉలిక్కిపడరు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. "ఇది జరిగిందని రచయిత చెబుతున్నాడా?" అనేది ఒక ప్రశ్న, "అది నిజంగా జరిగిందా?" అనేది వేరే ప్రశ్న. రెండిటినీ కలిపేస్తే ఎవరికి నమ్మబుద్ధి కానిదాన్ని వాళ్ళు అలంకారం ఖాతాలో రాసేసుకుంటారు. 1 కొరింథీయులకు 15లో పౌలు పునరుత్థానం (యేసు చనిపోయి తిరిగి లేవడం) గురించి రాస్తూ చూసినవాళ్ళ పేర్లు చెప్పి, ఐదు వందలమందికి పైగా ఒకేసారి చూశారని, వాళ్ళలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని, క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థమని అంటాడు. మీరు నమ్మకపోవచ్చు, అది మీ ఇష్టం. కానీ పౌలు ఏదో అందమైన పోలికగా చెప్పాడని మాత్రం అనలేం. ఉపమానానికి సాక్షుల జాబితా ఎవరిస్తారు?

తర్వాత, సొంత తెలివి వాడేముందు రచయితే విప్పి చెప్పాడేమో వెతకండి. చాలాచోట్ల చెప్పేశాడు. ప్రకటన 1:20లో ఏడు దీపస్తంభాలంటే ఏడు సంఘాలని ఉంది, దానియేలు 7:17లో నాలుగు మృగాలంటే నలుగురు రాజులని ఉంది. ఇక యోహాను సువార్త అయితే ఈ విషయంలో ఒక పాఠశాల అనుకోండి. దేవాలయాన్ని పడగొట్టండి, మూడు రోజుల్లో లేపుతానని యేసు అంటే, కట్టడానికి నలభై ఆరేళ్ళు పట్టిందని యూదులు లెక్క చెబుతారు. మళ్ళీ పుట్టాలంటే, ముసలివాడు తల్లి గర్భంలోకి ఎలా వెళ్తాడని నీకొదేము అడుగుతాడు. జీవజలం ఇస్తానంటే, బావి లోతుగా ఉంది, చేదుకోవడానికి నీ దగ్గర ఏమీ లేదు కదా అంటుంది సమరయ స్త్రీ. ప్రతిసారీ ఎదుటివాళ్ళు మాటని పైపైనే పట్టుకుంటారు, సంభాషణ అక్కడి నుంచే లోపలికి వెళ్తుంది.

అలంకారం అని తేలింది కదా, హమ్మయ్య, ఇక పని లేదు అనుకుంటారు చూడండి, ఎక్కువ తప్పులు అక్కడే. "నీ కుడి కన్ను నిన్ను అభ్యంతరపరిస్తే పెరికి పారేయి" (మత్తయి 5:29) అన్నది అతిశయోక్తి అని ఎలా తెలుసు? కుడి కన్ను పోతే ఎడమ కన్ను చూస్తుంది, పైగా చెడు ఆలోచనలు హృదయంలో నుంచి వస్తాయని అదే సువార్తలో 15:19 చెబుతోంది. సరే, అలంకారమే. అంటే ఆ మాట తేలికైపోయిందా? పాపానికి దారితీసేది ఎంత ప్రియమైనదైనా తెంచుకో అనే ఆజ్ఞ అలాగే ఉంది, నిజానికి కన్ను పీక్కోవడంతో సరిపెట్టుకునే వీలు కూడా పోయింది. (విచిత్రం ఏమిటంటే, పరలోకరాజ్యం కోసం తమను తాము నపుంసకులుగా చేసుకున్నవాళ్ళున్నారనే మత్తయి 19:12ని అక్షరాలా తీసుకుని తొలినాటి క్రైస్తవ పండితుడు ఓరిగెన్ తనను తాను నపుంసకుణ్ణి చేసుకున్నాడని సంఘ చరిత్ర రాసిన యూసేబియస్ అంటాడు. ఆ కథని అనుమానించే చరిత్రకారులూ ఉన్నారు. ఏదేమైనా లేఖనాలకి అలంకారార్థాలు తీయడంలో పేరుమోసిన ఆయన మీదే ఈ కథ పుట్టింది!)

సూది బెజ్జం సంగతీ ఇంతే. ధనవంతుడు దేవుని రాజ్యంలోకి వెళ్ళడం కంటే ఒంటె సూది బెజ్జంలో దూరడం తేలిక అన్నాడు యేసు (మత్తయి 19:24). యెరూషలేములో "సూది బెజ్జం" అనే చిన్న ద్వారం ఉండేదని, బరువు దించి మోకరిస్తే ఒంటె అందులోంచి పోయేదని ప్రసంగాల్లో వినే ఉంటారు. యేసు కాలంలో అలాంటి ద్వారం ఉందనడానికి ఆధారం లేదు, అది ఎప్పుడో తర్వాత వచ్చిన కథ. అయినా మత్తయి 19:25 చదివితే విషయం తేలిపోతుంది. శిష్యులు బిత్తరపోయి, అలాగైతే ఎవరు రక్షణ పొందగలరు అని అడిగారు. కొంచెం వంగితే సరిపోయేదానికి అంత ఆశ్చర్యం ఎందుకు? అలంకారాన్ని అలంకారంగా ఉండనివ్వాలి, మనకి వీలుగా సాగదీయకూడదు.

దీనికి ఎదురు తప్పు, ప్రతి చిన్న వివరానికీ అర్థం అంటగట్టడం. దారిలో దొంగలు కొట్టి పడేసినవాణ్ణి ఒక పరాయివాడు సత్రానికి చేర్చి ఆదుకున్న మంచి సమరయుడి కథలో గాయపడినవాడు ఆదాము, సత్రం సంఘం, సత్రం యజమాని పౌలు అని వివరించింది తొలినాటి సంఘంలో పెద్ద పండితుడైన అగస్టీన్ అంతటివాడు. వినడానికి బాగుంటుంది, కానీ అది లూకా 10లో లేదు. అక్కడ ధర్మశాస్త్ర ఉపదేశకుడు అడిగింది "నా పొరుగువాడెవడు?" అని, యేసు ముగించింది "నీవును వెళ్ళి ఆలాగు చేయుము" అని. ఉపమానానికి ముందున్న ప్రశ్న, చివరి మాట, ఈ రెండిటి మధ్యలో ఇమడని అర్థాన్ని పక్కన పెట్టండి. గలతీయులకు 4లో అబ్రాహాము దాసి హాగరు, భార్య శారాలను పౌలు రెండు నిబంధనలుగా చూపించాడు కదా అంటారేమో, అవును, కానీ అలంకారంగా చెబుతున్నానని ఆయనే ముందు ఒప్పుకున్నాడు.

ఇన్ని చూసినా తేలని చోట్లు ఉంటాయి, వాటికి టెన్షన్ పడొద్దు. ఆదికాండము 1లో సూర్యుడు నాలుగో రోజు వస్తాడు, మరి మొదటి మూడు రోజులూ ఎలాంటి రోజులని ఓరిగెన్ 3వ శతాబ్దంలోనే అడిగాడు. కాబట్టి అవి మామూలు రోజులు కావేమో అనే మాటని డార్విన్‌కి భయపడి కనిపెట్టిన సాకు అని కొట్టిపారేయకండి, అలాగే మామూలు రోజులే అనేవాళ్ళందరినీ ఆలోచన లేనివాళ్ళ కింద జమకట్టకండి. చివరి భోజనంలో రొట్టె ఇస్తూ యేసు అన్న "ఇది నా శరీరము" అనే మాట అక్షరార్థమా, అలంకారమా అని 1529లో జర్మనీలోని మార్బుర్గ్‌లో సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ కూర్చుని వాదించుకున్నారు, అక్షరార్థమే అన్నది లూథర్, ఆయన ఆ మాటల్ని లాటిన్‌లో సుద్దముక్కతో బల్ల మీద రాసిపెట్టుకున్నాడు. పదిహేను అంశాల్లో పద్నాలుగింటికి ఒప్పుకుని, చివరిదాంట్లో ఈ ఒక్క ముక్క దగ్గర విడిపోయారు. ఇద్దరూ గ్రీకు వచ్చినవాళ్ళే.

ఇలాంటి చోట చేయాల్సిన పని చిన్నది. ప్రకటన 20 తెరిచి, ఒక పెన్సిల్ తీసుకోండి. తాళపుచెవి, గొలుసు, ఘటసర్పం, అగాధం, వెయ్యేళ్ళు. ఘటసర్పం అంటే అపవాది అని రెండో వచనమే చెప్పేసింది, దాన్ని వదిలేయండి. మిగతా ఒక్కోదాని పక్కన మీరు అక్షరార్థంగా తీసుకున్నారో అలంకారంగా తీసుకున్నారో రాసి, ఎందుకో ఒక్క ముక్కలో చెప్పండి. గొలుసు ఇనుపది కాదు గానీ వెయ్యేళ్ళు మాత్రం క్యాలెండర్ లెక్కే అని రాస్తే కారణం కావాలి. వెయ్యేళ్ళు ప్రతీక గానీ ఐదో వచనంలో చనిపోయినవాళ్ళు లేవడం నిజం అని రాసినా కారణం కావాలి. కారణం దొరకని చోట ప్రశ్నార్థకం పెట్టి ముందుకి వెళ్ళండి.