విశ్వాసాన్ని వదలకుండా జీవ పరిణామాన్ని చదవడం ఎలా?

ఆదికాండము మొదటి అధ్యాయాన్ని సండే స్కూలులో కంఠస్థం చేసిన విద్యార్థికి ఇంటర్మీడియట్ జువాలజీలో జీవ పరిణామం పాఠం ఎదురైనప్పుడు, చాలా ఇళ్ళలో దొరికే సలహా ఒక్కటే: పరీక్షలో పుస్తకంలో ఉన్నది రాయి, మనసులో బైబిలులో ఉన్నది నమ్ము. ఈ సలహా మార్కులు తెచ్చిపెడుతుంది గానీ చదువునూ నమ్మకాన్నీ రెండింటినీ బలహీనపరుస్తుంది. తాను రాస్తున్నది అబద్ధమనుకుంటూ రాసేవాడికి శాస్త్రం ఒంటపట్టదు. తన నమ్మకం ప్రశ్నకు నిలవదేమోనని లోలోపల భయపడేవాడు నిశ్చింతగా ప్రార్థించలేడు. సృష్టికర్త ఉన్నాడని నమ్ముతూనే పరిణామాన్ని నిజాయితీగా అంగీకరించడం సాధ్యమే. అందుకు కొంత క్రమం అవసరం. ఇక్కడ ప్రధానంగా క్రైస్తవ కుటుంబాలను దృష్టిలో ఉంచుకున్నాను. హైందవ కుటుంబాలలో చిక్కు వేరే రూపంలో ఉంటుంది కనుక దానిని మధ్యలో విడిగా ప్రస్తావిస్తాను.

మొదట చేయవలసిన పని, శాస్త్రం ఏమి చెబుతోందో, ఏమి చెప్పడం లేదో తెలుసుకోవడం. మనిషి నేటి కోతి నుంచి పుట్టాడని ఏ జీవశాస్త్రవేత్తా చెప్పడు. మనిషికీ చింపాంజీకీ సుమారు 60–70 లక్షల సంవత్సరాల క్రితం ఉమ్మడి పూర్వీకులు ఉన్నారని చెబుతాడు. మనిషికి 23 జతల క్రోమోజోములు ఉంటే చింపాంజీకి, గొరిల్లాకు, ఒరాంగుటాన్‌కు 24 జతలు ఉన్నాయి. మన రెండవ క్రోమోజోములో రెండు చిన్న క్రోమోజోములు కొసలు కలిసి అతుక్కున్న గుర్తులు నేటికీ కనిపిస్తాయి. చేపల నుంచి నాలుగు కాళ్ళ జంతువులు వచ్చిన కాలం నాటి రాతిపొరలు ఎక్కడున్నాయో ముందే లెక్కగట్టి, కెనడా ఉత్తర ధ్రువప్రాంతంలోని ఎల్స్‌మియర్ దీవిలో వెదికిన శాస్త్రవేత్తలకు 2004లో సుమారు 37.5 కోట్ల సంవత్సరాల నాటి టిక్టాలిక్ అనే చేప శిలాజం దొరికింది. పొలుసులు ఉన్న ఆ జీవికి మెడ ఉంది, ఈదే రెక్కలలో మణికట్టును పోలిన ఎముకలు ఉన్నాయి. ఫలానా కాలపు రాయిలో ఫలానా రకపు జీవి ఉండాలని ముందుగా చెప్పి, వెళ్ళి తవ్వి చూపించగలిగిన సిద్ధాంతాన్ని ‘అది ఒట్టి ఊహ’ అని కొట్టివేయడం న్యాయం కాదు. అయితే ఈ సిద్ధాంతం విశ్వం అసలు ఎందుకు ఉన్నదో చెప్పదు, దేవుడు లేడని నిరూపించదు. ఆ మాట ఎవరైనా శాస్త్రం పేరుతో అంటే, అది వారి సొంత తత్త్వమే తప్ప ప్రయోగశాలలో తేలిన ఫలితం కాదు.

తరువాత ఆదికాండమును మళ్ళీ చదవాలి, ఈసారి నెమ్మదిగా. వెలుగు మొదటి దినమున కలిగింది, సూర్యచంద్రులు నాలుగవ దినమున వచ్చారు. సూర్యుడు లేకుండానే మూడుసార్లు అస్తమయమూ ఉదయమూ కలిగాయి. మొదటి అధ్యాయంలో జంతువుల తరువాత మనిషి వస్తే, రెండవ అధ్యాయంలో మనిషి తరువాత జంతువులు వస్తాయి. ఇవి నేడు నాస్తికులు కనిపెట్టిన లోపాలు కావు, ప్రాచీన సంఘంలోనే చదువరులు గమనించిన విషయాలు. ఆరు దినాలను పక్కపక్కన పెట్టి చూస్తే వాటి అమరిక తెలుస్తుంది: మొదటి మూడు దినాలలో వెలుగు చీకట్లు, ఆకాశ జలాలు, ఆరిన నేల ఏర్పడతాయి; తరువాతి మూడు దినాలలో అదే వరుసలో వాటిని జ్యోతులు, పక్షులు చేపలు, జంతువులు మానవుడు నింపుతారు. కాలపట్టిక రాసేవాడు ఇలా రాయడు, ఆరాధనలో చదవడానికి కూర్చేవాడు ఇలా రాస్తాడు. చుట్టూ ఉన్న జనాంగాలు సూర్యచంద్రులను దేవతలుగా కొలుస్తున్న కాలంలో, అవి దేవుడు పెట్టిన దీపాలు మాత్రమేనని చెప్పడం ఆ అధ్యాయం చేసిన అసలు పని. డార్విన్ పుట్టడానికి సుమారు 1,400 సంవత్సరాల ముందే ప్రాచీన సంఘపు వేదాంతి అగస్టీను ఈ దినాలు మనం ఎరిగిన దినాలు కావని భావించాడు. ప్రకృతి సంగతులు తెలియకుండా లేఖనం పేరుతో అన్యుల ముందు అజ్ఞానపు మాటలు పలికే విశ్వాసులు లేఖనాన్నే నవ్వులపాలు చేస్తారని గట్టిగా హెచ్చరించాడు. ఆ హెచ్చరికను నేటి సువార్త ప్రసంగీకులలో కొందరు రోజూ చదువుకుంటే మంచిదని నా అభిప్రాయం.

ఇక్కడే చాలామంది మరో తప్పుదారి పడతారు. దినమంటే ఒక యుగమని అర్థం చెప్పి, ఆరు దినాలను భూగర్భశాస్త్రపు యుగాలతో జత చేయబోతారు. పండ్ల చెట్లు సూర్యుని కంటే ముందు, పక్షులు నేల జంతువుల కంటే ముందు వచ్చే ఆ వరుస శిలాజాల వరుసతో ఎంత సాగదీసినా కలవదు. హైందవ గృహాలలో ఇదే పొరపాటు గర్వంగా జరుగుతుంది. అక్కడ పరిణామాన్ని కాదనేవారి కంటే, అది మనకు ముందే తెలుసని చెప్పేవారు ఎక్కువ. మత్స్య, కూర్మ, వరాహ, నరసింహ, వామనావతారాలను పరిణామ క్రమంగా చూపే వివరణను 1882లోనే బ్రహ్మసమాజ నాయకుడు కేశవ చంద్ర సేన్ కలకత్తాలో చెప్పాడు. వినడానికి బాగుంటుంది గానీ, సగం సింహం సగం మనిషి అయిన దశ ఏ రాతిపొరలోనూ లేదు. పరిణామం ఒకే వరుసలో పైకెక్కే మెట్లు కాదు, అనేక శాఖలుగా చీలిన వంశవృక్షం. పైగా అవతారాలు ధర్మ రక్షణ కోసం వచ్చాయని పురాణాలే చెబుతుంటే, వాటిని జువాలజీ పాఠంగా మార్చడం భక్తికి కూడా మేలు చేయదు. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలు, భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలు అన్న పోలిక కూడా ఇటువంటిదే. రేపు కొలత సవరిస్తే నమ్మకాన్నీ సవరించుకోవాలా? సృష్టి ఎలా జరిగిందో పైనున్న అధ్యక్షునికైనా తెలుసో తెలియదో అని ముగిసే ఋగ్వేద నాసదీయ సూక్తం ఈ పోలికలన్నిటి కంటే శాస్త్రవేత్త మనసుకు దగ్గరగా ఉంది.

జతలు కట్టడం మానిన తరువాత, దేవుని పనికీ ప్రకృతి పనికీ ఉన్న సంబంధాన్ని సరిగా ఆలోచించాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని విన్న విశ్వాసియైన రైతు, ఇక వాన దేవుడిచ్చినది కాదని అనుకోడు. కారణం తెలిసినా కృతజ్ఞత మానడు. జీవజాతుల విషయంలోనూ అదే చేయవచ్చు. ‘భూమి పుట్టించుగాక’ అని ఆజ్ఞాపించిన దేవుడు భూమి చేతనే పుట్టించాడనడంలో లేఖన విరుద్ధమేమీ లేదు. ఉత్పరివర్తనాలు, అంటే జన్యువులలో కలిగే మార్పులు, యాదృచ్ఛికంగా వస్తాయన్న మాట కొందరిని కలవరపెడుతుంది. ఆ మాటకు అర్థం, అవి జీవి అవసరాన్ని బట్టి రావని మాత్రమే; చీట్లు ఒడిలో వేసినా వాటి తీర్పు యెహోవా వశమని చెప్పే సామెతల గ్రంథాన్ని నమ్మేవారికి ఇందులో కొత్త ఇబ్బంది లేదు. డార్విన్‌ను అమెరికాలో గట్టిగా సమర్థించిన హార్వర్డ్ వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రే ప్రెస్బిటేరియన్ విశ్వాసి. మానవ జన్యుపటం పథకానికి నాయకత్వం వహించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ కూడా క్రైస్తవుడే.

నిజంగా కష్టమైన చోటు ఇది కాదు, జీవులు పడే బాధ. 1860లో గ్రేకు రాసిన లేఖలో డార్విన్, బ్రతికున్న గొంగళిపురుగుల దేహాలను లోపలి నుంచి తినే కందిరీగలను దయగల దేవుడు కావాలని సృజించాడని తాను నమ్మలేనన్నాడు. దీనికి తొందరపడి జవాబు చెప్పకూడదు. ఆదాము పాపానికి ముందు ఏ జంతువూ చావలేదన్న బోధను మాత్రం విడిచిపెట్టవలసి ఉంటుంది, ఎందుకంటే మనిషి పుట్టక ముందు కోట్ల సంవత్సరాల చావుకు శిలాజాలే సాక్ష్యం. సింహపు పిల్లలు తమ ఆహారాన్ని దేవుని చేతి నుంచి కోరుతూ వేటకై గర్జిస్తాయని 104వ కీర్తన ఏ సంకోచమూ లేకుండా పాడుతుంది గనుక, పాపం ద్వారా వచ్చిందని పౌలు చెప్పిన మరణాన్ని మానవుని ఆత్మీయ మరణంగా గ్రహించే వ్యాఖ్యాతలు లేఖనాన్ని వంచుతున్నారని అనలేము. అయినా ఆ కందిరీగ ప్రశ్న పూర్తిగా తీరదు. యోబు గ్రంథం చదివినవారికి తీరని ప్రశ్నతో దేవుని ఎదుట నిలబడటం కొత్త కాదు.

ఆదాము హవ్వల విషయం అంతకంటే సున్నితమైనది. నేటి మానవుల జన్యు వైవిధ్యాన్ని బట్టి చూస్తే మన పూర్వీకుల సంఖ్య ఇద్దరు కాదు, వేలల్లో ఉండేది. అందువల్ల కొందరు వేదాంతులు ఆదామును ఆ జనసమూహం నుంచి దేవుడు ఎన్నుకొని నిబంధన చేసిన ప్రతినిధిగా చూస్తారు, మరికొందరు ప్రతి మనిషి పతనాన్ని చెప్పే కథగా చదువుతారు. 1950లో పోపు పన్నెండవ పయస్ మానవ దేహం పరిణామం ద్వారా వచ్చిందేమో పరిశోధించడానికి అనుమతిస్తూనే, అనేకమంది ఆదిమ తల్లిదండ్రులు ఉన్నారన్న అభిప్రాయాన్ని అంగీకరించలేదు. 1996లో పోపు రెండవ జాన్ పాల్ పరిణామం ఒక ఊహకు మించినదని ఒప్పుకున్నాడు. ఆదామును క్రీస్తుతో పోల్చే రోమా పత్రిక ఐదవ అధ్యాయాన్ని ఎదురుగా పెట్టుకొని, వేదాంతులు చెప్పిన ఈ రెండు వివరణలలో ఏది దానికి ఎక్కువ న్యాయం చేస్తుందో ఎవరికి వారు తేల్చుకోవాలి. మొదటిదానివైపే నా మొగ్గు.

ఇంట్లో, సంఘంలో ఈ సంగతి మాట్లాడేటప్పుడు తొందర పనికిరాదు. ఆరు దినాలను అక్షరాలా నమ్మే పాస్టరుగారితో ఆరాధన ముగియగానే పదిమంది ముందు వాదానికి దిగడం కంటే, విడిగా కలిసి ‘అయ్యగారూ, ఈ వచనాన్ని ఇలా కూడా గ్రహించవచ్చా?’ అని అడగడం మర్యాద. పిల్లలకు మాత్రం బైబిలో, జువాలజీయో ఒకటి తేల్చుకోమని ఎన్నడూ చెప్పకూడదు. కాలేజీలో ఆధారాలు కళ్ళారా చూసిన రోజున వారు రెండవదాన్ని ఎంచుకుంటే, ఆ పోటీ పెట్టింది మనమే అవుతాము. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదవ తరగతి పుస్తకం నుంచి పరిణామాన్ని తొలగించింది కనుక, ఆ పుస్తకాలు చదివే పిల్లలకు ఈ మాటలు ఇంట్లోనే ముందు చెప్పడం మంచిది. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ప్రాణహిత–గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసారు అస్థిపంజరం ఉంది. దాని ముందు నిలబడి ఇది నోవహు ఓడలో ఎక్కిందా అని పిల్లవాడు అడిగితే లేదని సూటిగా చెప్పాలి. ఈ జంతువు తొలి జురాసిక్ కాలానిదనీ, మనుషులు పుట్టడానికి కోట్ల సంవత్సరాల ముందే ఈ జాతి అంతరించిందనీ, ఓడ వృత్తాంతం దేవుని తీర్పు గురించీ కనికరం గురించీ రాసినదనీ వివరించాలి.