ట్రంపెట్ సాధకం: కొత్తవారి ఇబ్బందులు, కారణాలు, పరిష్కారాలు

ట్రంపెట్ చేతపట్టిన తొలి నెలల్లో ఏ ఇబ్బంది ఎదురైనా కొత్తవారు ముందు పెదవులను, ఆ తర్వాత వాయిద్యాన్ని అనుమానిస్తారే తప్ప ఊపిరిని అనుమానించరు. కింద చెప్పే సమస్యలు చాలావరకు అక్కడే మొదలవుతాయి కాబట్టి, భుజాలు పైకి లేవకుండా, పక్కటెముకలు, నడుము విచ్చుకునేలా గాలి పీలుస్తున్నామో లేదో ప్రతి సాధకానికీ ముందు చూసుకోవాలి.

సమస్య: ఊదితే గాలి చప్పుడే తప్ప స్వరం పలకడం లేదు.

ట్రంపెట్‌లో నాదం పుట్టేది పెదవుల కంపనం వల్ల. పెదవులు విడిపోయి ఉన్నా, బుగ్గలు ఉబ్బినా ఆ కంపనం నిలవదు. "మ్" అన్నప్పటిలా పెదవులు కలిపి, మూలలను గట్టిగా, మధ్యభాగాన్ని వదులుగా ఉంచి, మౌత్‌పీస్‌ను (పెదవులకు ఆనించే గిన్నెలాంటి భాగాన్ని) ఒక్కదాన్నే కాడ చివర రెండు వేళ్లతో పట్టుకుని ఊదాలి. తుమ్మెద రొదలాంటి శబ్దం తెగకుండా వచ్చాక, దాన్ని మెల్లగా పైకీ కిందికీ జార్చడం అలవాటు చేసుకోవాలి. రెండు మూడు నిమిషాలు చాలు. ఆ తర్వాతే మౌత్‌పీస్‌ను వాయిద్యానికి తగిలించి మధ్యస్థాయిలో ఒక్కో స్వరాన్ని ఎనిమిది లెక్కల పాటు నిలకడగా పట్టాలి. అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజీ గిలెస్పీ బుగ్గలు పూరించే వాయించాడు కదా అని కొందరు అడుగుతారు. అది ఆయనకు చెల్లింది.

సమస్య: పై స్వరాలు అందడం లేదు, పెదవిపై గుండ్రటి గుర్తు పడుతోంది.

గాలి వేగం చాలనప్పుడు చేయి సాయానికి వస్తుంది. మౌత్‌పీస్‌ను పెదవులకేసి అదుముతాం. స్వరం ఒకసారి పలికినా, ఒత్తిడికి రక్తప్రసరణ తగ్గి పెదవులు త్వరగా మొద్దుబారతాయి. కుడిచేతి చిటికెనవేలిని కొక్కెంలోంచి తీసి పైన ఆనించి చూడండి. అప్పటిదాకా పలికిన స్వరం పలకకపోతే, మీరు దాన్ని గాలితో కాక చేతి బలంతో రప్పిస్తున్నారన్నమాట.

దీనికి మందు వాల్వులు (వేళ్లతో నొక్కే మూడు మీటలు) మార్చకుండా స్వరాలు మార్చే సాధకం. ఏ వాల్వూ నొక్కకుండా ట్రంపెట్‌లో స, ప, పై స, పై గ, పై ప పలుకుతాయి. మెట్రోనోమ్‌ను (లయ కొట్టే సాధనాన్ని) నిమిషానికి 60 లెక్కల దగ్గర పెట్టి, ఒక్కో స్వరానికి నాలుగు లెక్కల చొప్పున ప–స–ప అని నాలుక తగిలించకుండా, గాలి ఆపకుండా ఊదాలి. పైకి వెళ్లేటప్పుడు నోటిలోపల "ఆ" నుంచి "ఈ"కి మారినట్టు నాలుక లేవాలి, గాలి వేగం పెరగాలి, చేయి మాత్రం కదలకూడదు. ఇదే వరుసను రెండో వాల్వు, ఒకటోది, ఒకటీ రెండూ, రెండూ మూడూ, ఒకటీ మూడూ, చివరకు మూడూ నొక్కి వాయిస్తే ప్రతిసారీ అరస్వరం కిందికి దిగుతాం. ఈ ఏడు మెట్లూ తేలికగా వచ్చేదాకా పై స జోలికి వెళ్లకపోవడమే మంచిది.

సమస్య: పది నిమిషాలకే పెదవులు అలసిపోతున్నాయి.

కారణం సాధారణంగా విశ్రాంతి లేకపోవడమే. ఎంతసేపు ఊదారో అంతసేపు ఆగాలి. అరగంట ఏకబిగిన ఊదేకంటే పది నిమిషాల చొప్పున మూడు విడతలు మేలు. నొప్పి పుడితే ఆ రోజుకు ఆపేయాలి. ఊరేగింపులో గంటల తరబడి వాయించే పెళ్లి బ్యాండువారితో పోల్చుకోవద్దు, వారి పెదవుల వెనుక ఏళ్ల సాధకం ఉంటుంది.

సమస్య: స్వరం ఎత్తుగడ మొరటుగా ఉంది, లేదా ఆలస్యంగా వస్తోంది.

"టు" అంటూ మొదలుపెట్టమన్న సూచనను మనవాళ్లు మన "ట"తో పాటిస్తారు, దాంతో నాలుక వెనక్కి మడతపడుతుంది. "అల" అన్నప్పుడు నాలుక కొన తగిలే చోట, అంటే పై చిగురు దగ్గర, తేలిగ్గా తాకి వదలాలి. నాలుక గాలిని తోయదు, దారి విడుస్తుంది, అంతే.

సమస్య: సి (వాల్వులు నొక్కకుండా పలికే స) వాయిస్తే ట్యూనర్ (శ్రుతి చూపే సాధనం) బి ఫ్లాట్ చూపిస్తోంది.

ఇది లోపం కాదు. మామూలు ట్రంపెట్ బి ఫ్లాట్ వాయిద్యం కనుక సి అని రాసిన స్వరం బి ఫ్లాట్ శ్రుతిలోనే వినిపిస్తుంది. కొన్ని యాప్‌లు దాన్నే ఏ షార్ప్ అంటాయి. అయితే చల్లగా ఉన్న వాయిద్యం శ్రుతి తగ్గి పలుకుతుంది కాబట్టి, కాసేపు ఊది వేడెక్కాకే ట్యూనింగ్ స్లైడ్ (శ్రుతి మార్చేందుకు జరిపే గొట్టం) సరిచేయాలి. కింది డి, సి షార్ప్ మాత్రం ఎప్పుడూ కాస్త ఎక్కువ శ్రుతిలో ఉంటాయి. అవి వాయించేటప్పుడు మూడో వాల్వు స్లైడును బయటికి జరపాలి.

సమస్య: గరగర శబ్దం, లేదా వాల్వులకు నూనె వేశాక గాలే వెళ్లకపోవడం.

గరగర అంటే లోపల తేమ చేరిందని. వాటర్ కీ (నీరు బయటికి వదిలే చిన్న మీట) నొక్కి ఊదితే పోతుంది. రెండోదానికి కారణం వాల్వులు తారుమారు కావడం, లేదా సరిగా కూర్చోకపోవడం. వాల్వులపై చెక్కిన అంకెలు చూసి, మౌత్‌పీస్‌కు దగ్గరి గొట్టంలో ఒకటోదాన్ని, మిగతావాటిని వరుసగా దించి, టక్కుమని కూర్చునేదాకా మెల్లగా తిప్పి మూత బిగించాలి.