పాత బజారులో గిరాకీ తగ్గిందా? ముందు ఇవి చూడండి

సమస్య: జనం బజారుకొస్తున్నారు, షాపు ముందు ఆగడం లేదు.

కారణం: తప్పంతా ఆన్‌లైన్ మీదికి నెట్టే ముందు, పొద్దున షట్టర్లు ఎత్తే వేళ వీధి చివర నిలబడి చూడండి. షాపు ముందు ఆగే మొదటి బండి ఓనరుది, పక్కవి గుమాస్తాలవి. రాత్రి దాకా కదలవు. పల్లె నుంచి వచ్చినాయన బండి పెట్టే చోటు లేక ఒక చుట్టు తిరిగి బైపాస్ దారి పడతాడు.

పరిష్కారం: ఒక రోజంతా గంటకోసారి బండి నంబర్లు రాయించండి. ఎవరి బండి ఎన్ని గంటలుందో తేలుతుంది. ఆ కాగితం వర్తక సంఘం మీటింగులో పెట్టి, షాపుల వాళ్ల బండ్లన్నీ వెనక సందులోకి అని తీర్మానించండి. గొడవ తప్పదు. అయినా దీనికి పైసా ఖర్చు లేదు, అందుకే ఇక్కడే మొదలుపెట్టాలి.

సమస్య: తోపుడు బండ్లు దారికి అడ్డం.

కారణం: వాళ్లకు చోటు చూపించకపోవడం. బండ్లన్నీ ఊరి బయటికి తోలితే పూలకీ పళ్లకీ వచ్చే జనం కూడా అటే పోతారు. బట్టల షాపుకి నష్టమే.

పరిష్కారం: 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఊళ్లో బండ్ల చోట్ల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి. వీధి వ్యాపారుల సర్వే పూర్తయి, అమ్ముకునే సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. కాబట్టి పోలీసులకు ఫోన్లు మాని, కమిటీలో కూర్చుని షాపు మెట్లకు దారి వదిలి గీతలు గీయించండి.

సమస్య: ఆడవాళ్లు ఒక్క షాపు చూసుకుని హడావిడిగా బస్సెక్కేస్తున్నారు.

కారణం: బజారులో మరుగుదొడ్డి లేదు. మగవాళ్ల సంఘాల్లో ఈ మాట ఎందుకో ఎజెండాకి ఎక్కదు.

పరిష్కారం: బజారు నడుమ ఒకటి కట్టించమని మున్సిపాలిటీని పట్టుకోండి. నీళ్లు, లోపలి గడియ, రోజూ కడిగే మనిషి ముఖ్యం. ఆ జీతం సంఘం భరించాలి.

సమస్య: మూసిన షట్టర్లు.

కారణం: అన్నదమ్ముల వాటాలు తేలకపోవడం, లేదా కొత్తవాళ్లు ఇచ్చుకోలేని అడ్వాన్సు.

పరిష్కారం: వాటాల తగువు మన చేతిలో లేదు. అడ్వాన్సు సమస్యయితే దసరా నుంచి సంక్రాంతి దాకా అద్దెకు అడగండి.

సమస్య: తీర్మానాలన్నీ మినిట్స్ పుస్తకంలోనే ఉండిపోతున్నాయి.

కారణం: సంఘం ప్రెసిడెంటుకీ షాపుంది. సీజనులో ఆయనకు తీరదు.

పరిష్కారం: అమెరికాలో 1977లో పాత బజార్లను మళ్లీ నిలబెట్టే మెయిన్ స్ట్రీట్ ప్రయోగం గేల్స్‌బర్గ్, మాడిసన్, హాట్ స్ప్రింగ్స్ అనే మూడు చిన్న ఊళ్లలో మొదలైనప్పుడు, ఊరికొక మేనేజరును జీతమిచ్చి పెట్టారు. మనకు అంత హంగు అక్కర్లేదు. మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగే ఓపికున్న డిగ్రీ కుర్రాడో అమ్మాయో చాలు. షాపుకింత అని నెలనెలా చందా వేసుకోండి, మొదటి ఆర్నెల్ల జీతం ముందే బ్యాంకులో వేశాకే మనిషిని పెట్టుకోండి.