పండుగ తీపి వంటల్లోకి లోహాలు దిగకుండా చూసుకోవడం ఎలా?

ఉగాది పచ్చడిని కళాయి (తగరం పూత) లేని ఇత్తడి సర్వలో కలిపి, మధ్యాహ్నం దాకా అందులోనే ఉంచితే చింతపండు పులుపు ఇత్తడిలోని రాగిని, జింకును కరిగిస్తుంది. వట్టి పులుసైతే ఆ చిలుము రుచిని నాలుక ఇట్టే పట్టేస్తుంది. పచ్చట్లో బెల్లం దాన్ని కప్పేస్తుంది. మన దిక్కు పచ్చడిని గ్లాసులతో తాగుతాం కాబట్టి, రెండో గ్లాసు అయ్యాక గానీ కడుపులో తిప్పుతున్న సంగతి తెలియదు. తీపి పదార్థాల్లో లోహం మరీ ప్రమాదం కావడానికి ఇదొక కారణం. తీపిని ఎక్కువగా తినేది పిల్లలు కావడం ఇంకో కారణం.

మిఠాయి దుకాణాన్ని అనుమానించే ముందు మన వంటింటి అటక మీదున్న గిన్నెలను దించి చూడాలి. పులుపు, వేడి, నిలవ ఉంచే సమయం కలిసినకొద్దీ గిన్నెలోని లోహం వంటలోకి ఎక్కువగా దిగుతుంది. వాటిని విడదీస్తే సగానికి పైగా సమస్య తీరుతుంది.

మొదటి పని: ఏ గిన్నెలో ఏది వండాలో తేల్చుకోండి

పాలు, బెల్లం, పెరుగు, చింతపండు, నిమ్మరసం తగిలే ప్రతి వంటకూ స్టీలు గిన్నె మంచిది. పరమాన్నం, బెల్లం బువ్వ, ఉగాది పచ్చడి, పంచామృతం అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. పచ్చడికి కొత్త మట్టికుండ వాడే ఇళ్లు ఆ అలవాటు మానుకోవద్దు. పంచామృతంలో పెరుగు ఉంటుంది గనుక రాగి, ఇత్తడి పాత్రల్లో కలిపి ఉంచకండి. పెంబర్తి ఇత్తడి పళ్లెం పూజకు ఎంత శోభగా ఉన్నా, అందులో ముందు స్టీలు గిన్నె పెట్టి ఆ గిన్నెలో పంచామృతం పోయండి.

చక్కెర పాకం విషయంలో చాలామంది పొరపడతారు. వట్టి చక్కెర, నీళ్లు రాగిని పెద్దగా కరిగించవు. కానీ పాకం పలుకులు కట్టకుండా అర చెంచా నిమ్మరసం పిండుతాం కదా, అప్పుడు అది పుల్లటి వంట అయిపోతుంది. నిమ్మరసం వేసే పాకాన్ని కళాయి లేని ఇత్తడిలో కాచవద్దు.

గరిజెలు, అరిసెలు వేయించడానికి ఇనుప మూకుడు వాడండి. భక్ష్యాలకు ఇనుప పెనం భేషైనది. ఇనుములో పాకం మాత్రం నిలవ ఉంచకండి, నల్లబడి రుచి చెడుతుంది.

సత్తు గిన్నెలంటే అల్యూమినియంవే. పుల్లటివి వండితే అదీ కరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు దాన్ని చాలావరకు బయటికి పంపేస్తాయి, డయాలిసిస్ మీద ఉన్నవారిలో అది పేరుకుపోతుంది. ఇంట్లో అలాంటి రోగి ఉంటే సత్తు గిన్నెలు వంటకు పూర్తిగా మానండి. పాత లోహపు తుక్కు కరిగించి పోసిన చవక పోత గిన్నెల్లో సీసం కూడా ఉండవచ్చు. కంపెనీ ముద్ర లేని బరువైన పోత గిన్నెను వంటకు కొనకపోవడమే మంచిది.

పసిపిల్లల పాలు ఇత్తడిలో, రాగిలో కాచకూడదు. ఒకప్పుడు మన దేశంలో చిన్నపిల్లల కాలేయం గట్టిపడి ప్రాణం తీసే జబ్బు ఎక్కువగా ఉండేది. అలాంటి పిల్లల్లో చాలామందికి రాగి, ఇత్తడి పాత్రల్లో కాచిన పాలు పట్టించారని 1980లలో పుణె ప్రాంతంలో జరిగిన పరిశోధనల్లో తేలింది. ఆ పాత్రల వాడకం తగ్గాక జబ్బు కూడా చాలా అరుదైపోయింది.

రెండో పని: కళాయి సరిగ్గా పోయించుకోండి

అమ్మమ్మ ఇచ్చిన గుండిగనో, గంజునో పారేయమని అనడం లేదు. లోపల కళాయి బాగుంటే అది నిక్షేపంగా పనికొస్తుంది. సరైన కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలను ఆహారానికి వాడకూడదని మన ఆహార భద్రత నిబంధనలే చెబుతున్నాయి.

కళాయి అంటే లోపలి వైపు తగరం పూత. గిన్నెను తోమి, నిప్పుల మీద కాల్చి, నవసాగరం పొడి చల్లి, తగరం కడ్డీ ఆనించి దూదితో పూస్తారు. అప్పుడు వచ్చే తెల్లటి పొగ గొంతు పట్టేస్తుంది. పని ఆరుబయట జరగనివ్వండి, పిల్లలను దగ్గర ఉంచకండి.

మోసం జరిగేది కడ్డీలోనే. తగరం ఖరీదైనది, సీసం చవక. పైగా సీసం కలిస్తే పూత తక్కువ వేడికే సులువుగా పరుచుకుంటుంది. అందుకే "అన్నా, ఇది సీసం కలపని తగరమేనా?" అని మొహమాటపడకుండా అడగండి. వీలైతే స్వచ్ఛమైన తగరం కడ్డీని బిల్లుతో మీరే కొని ఇవ్వండి. సన్నటి కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచితే స్వచ్ఛమైన తగరం కిరకిరమంటుంది, సీసం చప్పుడు చేయదు. తెల్ల కాగితం మీద గీస్తే సీసం పెన్సిల్ లాంటి బూడిదరంగు గీత వదులుతుంది. ఇవి గుర్తులు మాత్రమే. కొద్దిగా కలిసిన సీసాన్ని ల్యాబు మాత్రమే పట్టగలదు. పని అయ్యాక కడ్డీ ముట్టిన చేతులు సబ్బుతో కడుక్కోండి.

గిన్నె ఇంటికి తెచ్చాక ఎండలో పెట్టి లోపల చూడండి. పూత వెండిలా తెల్లగా, ఒకే తీరుగా ఉండాలి. అడుగు మూలల్లో, మెడ వంపులో పసుపు రంగు తొంగిచూస్తే వెనక్కి ఇచ్చి మళ్లీ పూయించండి. తర్వాత నిండా నీళ్లు, గుప్పెడు బియ్యం వేసి పది నిమిషాలు మరగబెట్టి పారబోయండి. నవసాగరం మిగిలి ఉంటే పోతుంది.

తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. నీళ్లున్న వంట 100 డిగ్రీల చుట్టే తిరుగుతుంది కాబట్టి భయం లేదు. ఖాళీ గిన్నె పొయ్యి మీద మరిచిపోయినా, రవ్వ ఉత్తగా వేయించినా అడుగు ఆ వేడిని దాటేస్తుంది. పూత ముద్దలు కట్టి జారుతుంది, కింద ఇత్తడి బయటపడుతుంది. సీసం కలిసిన తగరమైతే 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది, నూనె కాగే వేడి కూడా అంతే. కళాయి గిన్నెలో నూనె వంటలు వద్దనడానికి కారణం ఇదే.

కడిగేటప్పుడు లోపల స్టీలు పీచు వాడకండి. మెత్తటి బట్ట, గిన్నెల సబ్బు చాలు. చింతపండు రుద్దుడు బయటి వైపుకే. కలపడానికి చెక్క తెడ్డు వాడండి. వంట దించగానే స్టీలు గిన్నెలోకి మార్చండి. పూత మంచిదే అయినా రాత్రంతా అందులో ఉంచవద్దు. రూపాయి బిళ్లంత పసుపు మచ్చ కనిపించినా మళ్లీ కళాయి వేయించే దాకా ఆ గిన్నెను నీళ్లు కాచుకోవడానికి వాడుకోండి, అదీ స్నానానికే.

మూడో పని: బెల్లం, పసుపు చూసుకోండి

మేడారంలో బెల్లాన్ని బంగారమనే అంటాం. అక్కడి నుంచి తెచ్చినదైనా, అంగట్లో కొన్న దిమ్మ అయినా అందులో మట్టి, ఇసుక, ఒక్కోసారి ఇనుప పెచ్చులు ఉంటాయి. కిలో బెల్లానికి పావు లీటరు నీళ్లు పోసి సన్నమంట మీద కరిగించండి. పాకం రానివ్వకండి, కరిగితే చాలు. నాలుగు మడతల పల్చటి బట్టలో వడకట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచి, పైది వంచుకుని అడుగున రెండు చెంచాలు వదిలేయండి. పాలిథిన్ కవరులో చుట్టిన అయస్కాంతాన్ని అందులో ఒకసారి తిప్పితే ఇనుప రవ్వలు అంటుకుంటాయి. స్టీలు పీచులో కొన్ని రకాలు అయస్కాంతానికి అంటవు, కాబట్టి వడపోత మానవద్దు.

భక్ష్యాల పిండిలో వేసే చిటికెడు పసుపు దగ్గర కూడా జాగ్రత్త అవసరం. కొమ్ములు మెరవడానికి లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు పూసే మోసం ఉంది. గాజు గ్లాసు నీళ్లలో ఒక కొమ్ము వేసి చూడండి. మంచి కొమ్ము రంగు వదలదు. పూసినదైతే వెంటనే పసుపు రంగు వదులుతుంది. నిజామాబాద్ మార్కెట్ మనకు అందుబాటులోనే ఉంది. కొమ్ములు కొని, ఇలా చూసుకుని, గిర్నీలో పట్టించుకోవడం తేలికే.

సీసం గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇంత వరకు ఫరవాలేదు అనదగ్గ మోతాదు దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. పొట్టలో పడ్డ సీసాన్ని చిన్నపిల్లల ఒళ్లు పెద్దవారికంటే 4–5 రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఐరన్ తక్కువున్న పిల్లలకు ఇంకా ఎక్కువ. అది ఎముకల్లో ఏళ్ల తరబడి దాగి, గర్భం సమయంలో మళ్లీ రక్తంలోకి వచ్చి కడుపులోని బిడ్డను చేరుతుంది. చాలామందిలో వాంతులు ఉండవు, నొప్పి ఉండదు. చదువులో వెనకబడటం, చిరాకు, రక్తహీనత, ఇలాంటి వాటితోనే బయటపడుతుంది. అనుమానం ఉంటే రక్తంలో సీసం పరీక్ష చేయించండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలి.

నాలుగో పని: వెండి వరక్

మిఠాయిల మీద అంటించే పల్చటి వెండి ఆకునే వరక్ అంటారు. నిబంధన ప్రకారం వరక్ వెండి స్వచ్ఛత వెయ్యికి 999 పాళ్లు ఉండాలి, బరువు చదరపు మీటరుకు 2.8 గ్రాములు దాటకూడదు. అంటే 10 సెంటీమీటర్ల చదరపు ఆకు 28 మిల్లీగ్రాములు మించదు. ఆకును వేళ్ల మధ్య నలిపితే వెండి పొడిపొడిగా కనుమరుగవుతుంది. అల్యూమినియమైతే తునకలుగా చిరుగుతుంది, లేదా ఉండ కడుతుంది. రెండు మూడు ఆకులను పట్టకారుతో మంట మీద కాలిస్తే వెండి మెరిసే తెల్లటి చిన్న గుండుగా మిగులుతుంది, అల్యూమినియం బూడిదరంగు నుసి అవుతుంది. వెండిలో కలిసిన కొద్దిపాటి సీసం, నికెల్ ఈ పరీక్షలకు దొరకవు. వరక్‌తో రుచీ రాదు, బలమూ రాదు. పిల్లలకు పెట్టే బర్ఫీకి అది లేకపోతేనే మేలు.

ఐదో పని: అన్నదానం, పెళ్లి వంటల్లో

జింకు పూసిన బకెట్లు, గంగాళాల్లో పాయసం, నిమ్మ షర్బత్ పోయనివ్వకండి. జింకు కరిగి గంటలోపే పంక్తి పంక్తికే వాంతులు అవుతాయి. వడ్డనకు స్టీలు బకెట్లు కావాలని వంటవారితో ముందే మాట్లాడుకోండి. తెగిన తీగల జల్లెడ, ఊడుతున్న పీచు వంటశాలలోకి రానివ్వకండి. మిఠాయిని వార్తాపత్రికలో చుట్టవద్దు, సిరాలో సీసం ఉండవచ్చు. డబ్బాకు స్టేప్లర్ పిన్నుల బదులు దారం కట్టించండి.

తిన్నాక తేడా చేస్తే

నోట్లో చిలుము రుచి, వికారం, వాంతులు, కడుపునొప్పి తిన్న కొద్దిసేపటికే మొదలైతే రాగినో జింకునో అనుమానించాలి. తినడం ఆపండి. వేలు పెట్టి వాంతి చేయించకండి. విరుగుడని నిమ్మరసం పట్టకండి. మామూలు నీళ్లు కొంచెం కొంచెంగా తాగించండి. పిల్లలు, గర్భిణులు ఉంటే, లేదా వాంతులు ఆగకపోయినా, రక్తం పడినా 108కి ఫోన్ చేయండి. వరంగల్ చుట్టుపక్కలవారికి ఎంజీఎం ఆసుపత్రి ఉంది. ఏ గిన్నెలో వండారో, ఎంతసేపు ఉంచారో డాక్టరుకు చెప్పండి. ఒంట్లోని లోహాన్ని లాగేస్తామనే పొడులు, మందులు సొంతంగా వాడవద్దు.

మిగిలిన పదార్థాన్ని పారేయకుండా శుభ్రమైన గాజు సీసాలో మూత బిగించి, తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. కొన్నదైతే బిల్లు, దుకాణానికి కేంద్ర ఆహార భద్రత సంస్థ ఇచ్చిన 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఫొటో తీసుకుని 1800112100కి ఫిర్యాదు చేయండి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లోని 40వ సెక్షన్ కింద కొనుగోలుదారు కూడా రుసుము కట్టి తాను కొన్న పదార్థాన్ని ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. అలా ఇస్తున్నట్టు కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. తేడా తేలితే కట్టిన రుసుము తిరిగి వస్తుంది.