ముందు ఆట, తర్వాతే దాని పేరు: ప్రైమరీ పిల్లలకు సంగీతం క్లాసు

ఒకటి నుంచి అయిదో తరగతి దాకా పిల్లలకు సంగీతం చెబుతాను. క్లాసులో నాకు ఒకే పట్టింపు: పిల్లలు ఒక పనిని చేతులతోనో గొంతుతోనో చేసేశాకే దాని పేరు చెబుతాను. తాళం, జాతి, గతి లాంటి మాటలు మొదట్లో నా నోట రావు. బోర్డు మీద నిర్వచనం రాస్తే బుద్ధిగా రాసుకుంటారు, అంతే. పాట రాదు.

మొదటి క్లాసుకి హాజరు పట్టీ చాలు. పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి, ఎవరి పేరు వాళ్లని చప్పట్లతో చెప్పమనండి. రవికి రెండు చప్పట్లు, రమణకి మూడు, మధుమతికి నాలుగు. సీత అన్నప్పుడు 'సీ' దగ్గర రెండు మాత్రలు (మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సమయం) కావాలి కాబట్టి చప్పట కొట్టి చేతులు అలాగే కలిపి ఉంచాలి. ఇది పెద్ద క్లాసుల్లో ఛందస్సు దగ్గరికి వచ్చే గురువు, లఘువే. ఇప్పుడా సంగతి ఎత్తకండి.

పేర్లు వచ్చేశాక ఇద్దరిద్దర్ని పక్కపక్కన నిలబెట్టండి. పేరు మొదలైన చోట కాలు తట్టాలి, మిగతాదంతా చప్పట్లు. రమణ, రమణ అని తిప్పితే మూడు. మధుమతి ఒక్కతే తిరిగితే నాలుగు. రవి పక్కన రమణ చేరితే అయిదు. రమణ, మధుమతి కలిస్తే ఏడు. మధుమతి, రవి, రమణ ముగ్గురూ వరసగా నిలబడితే తొమ్మిది. ఆపకుండా నాలుగైదు సార్లు తిప్పించి, అదే దెబ్బ మీద పేర్లు తీసేసి జతులు, అంటే తాళం నోటితో పలికే మాటలు, పెట్టండి: తకిట, తకధిమి, తకతకిట, తకిటతకధిమి, తకధిమితకతకిట. తిశ్రం, చతురశ్రం, ఖండం, మిశ్రం, సంకీర్ణం అనే జాతులు (వరసగా మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది లెక్కలు) అయిదూ వాళ్ల నోటికి వచ్చేసినట్టే. ఆ పేర్లు నాలుగో తరగతి లోపు చెప్పకపోయినా నష్టం లేదు. క్లాసులో వెంకటేశ్వర్లు ఉంటే మీ అదృష్టం. ఆ పేరుకి సరిగ్గా ఎనిమిది మాత్రలు, మాత్రకో క్రియ (తాళంలో చేతి దెబ్బ లేదా కదలిక) వేస్తే ఆదితాళం ఒక చుట్టు, అంటే ఒక ఆవర్తం!

ఇదే ఆటలో మౌనం కూడా నేర్పొచ్చు. మధుమతిలో 'ధు' మింగేయమనండి. దాని చోట చేయి గాలిలో తిప్పాలి, చప్పుడు రాకూడదు. మొదట్లో ఎవరో ఒకరి చప్పట ఆ ఖాళీలో పడుతుంది, క్లాసంతా నవ్వుతుంది. నవ్వనివ్వండి. తప్పు కొట్టినవాళ్లని 'అవుట్' చేసి కూర్చోబెట్టే పద్ధతి మాత్రం వద్దు. అందరికంటే సాధన అవసరమైన పిల్లలే అందరికంటే ముందు కూర్చుండిపోతారు.

ఇక గొంతు సంగతి. చాలా క్లాసుల్లో పిల్లలు పాడటం లేదు, గొణుగుతున్నారు. కారణం వాళ్లు కాదు, మన శ్రుతి. టీచరమ్మ తనకి హాయిగా ఉందని అయిదు శ్రుతిలో మధ్య స్థాయి షడ్జం ('సా') అందుకుంటుంది. అది చిన్నపిల్లలకి బాగా కింద. అదే 'సా'ని దాని పైన వచ్చే రెండు శ్రుతికి ఎత్తి, అక్కడి నుంచి ధైవతం ('దా') దాకా తిరిగే పాటలు ఎంచుకుంటే చాలామంది గొంతులు తేలిగ్గా తెరుచుకుంటాయి. మగ టీచర్లు పాడేది ఒక స్థాయి కింద వినిపిస్తుంది కాబట్టి, గొంతు కలిపే పిల్లలు తికమక పడొచ్చు. అప్పుడు బాగా పాడే పిల్ల చేత ముందు పాడించండి, మిగతావాళ్లు ఆ గొంతు పట్టుకుంటారు.

మొదట రెండే స్వరాలు చాలు: పంచమం ('పా'), దాని కింద అంతర గాంధారం ('గా'). దూరంగా ఉన్న స్నేహితుణ్ని సాగదీసి పిలిచినట్టు ఉంటుంది ఆ దిగుడు. హంగరీలో సంగీతకర్త జోల్తాన్ కొడాయ్ (1882–1967) ఆలోచనల మీద ఏర్పడిన బోధనలోనూ మొదట వచ్చేవి ఈ రెండే. ఇంగ్లండ్‌లో జాన్ కర్వెన్ 19వ శతాబ్దంలో వ్యాప్తిలోకి తెచ్చిన చేతి సంజ్ఞలను కూడా ఆ పద్ధతి తీసుకుంది. మనకి అంత తతంగం అక్కర్లేదు. పా అంటే చేయి భుజం దగ్గర, గా అంటే నడుము దగ్గర. హాజరు కూడా ఇలాగే తీసుకోండి: మీరు పేరు 'పా గా' మీద పిలిస్తే, వాళ్లు 'వచ్చాను' అని అదే బాణీలో పలకాలి.

శ్రుతి కలవని పిల్లలు ఉంటారు. 'నువ్వు నోరు మాత్రం కదుపు' అని ఏ టీచరూ అనకూడదు. ఆ పిల్లాణ్ని అంబులెన్స్ సైరన్‌లా కింద నుంచి పైకి, పై నుంచి కిందికి ఊళ వేయమనండి. తన గొంతులో ఎత్తు, పల్లం ఉన్నాయని వాడికే తెలుస్తుంది. తర్వాత వాడు పట్టిన స్వరమే మీరు పట్టుకోండి, క్లాసంతా అక్కడే కలవాలి. అక్కడి నుంచి ఒక్కో మెట్టు పైకి రండి.

వాయిద్యాల దగ్గర మోహన రాగం స్వరాలతో మొదలుపెడితే సుఖం. స రి గ ప ద. వీటిలో ఏ రెండిటి మధ్యా అర్ధస్వరం దూరం (కీబోర్డు మీద ఆనుకుని ఉన్న రెండు మెట్ల మధ్య దూరం) ఉండదు కాబట్టి ఎవరు ఏది వాయించినా చెవికి గుచ్చుకోదు. జర్మన్ సంగీతకర్త కార్ల్ ఓర్ఫ్ (1895–1982) పద్ధతిలో జైలోఫోన్ (పట్టీలను పుల్లలతో తట్టి వాయించేది) నుంచి అక్కర్లేని పట్టీలు తీసేసి పిల్లలకిచ్చేది ఇందుకే. కీబోర్డు ఉంటే నల్ల మెట్లు మాత్రమే ముట్టుకోమనండి, అదే పని అవుతుంది. ఒకరు 'సా పా సా పా' ఆపకుండా వాయిస్తుంటే, ఇంకొకరు పైన తోచింది కల్పించాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం నీళ్ల సీసాలది. ఒకేలాంటి గాజు సీసాలు రెండు తీసుకుని, ఒకదానిలో కొంచెం, ఒకదానిలో ఎక్కువ నీళ్లు పోయండి. పెన్సిల్‌తో తట్టే ముందు, ఏది పై స్వరం పలుకుతుందో చేతులెత్తి చెప్పమనండి. ఎక్కువ నీళ్లున్నదే కింద పలుకుతుంది. ఇప్పుడు అవే సీసాల మూతి మీద గాలి ఊదండి. ఎక్కువ నీళ్లున్నది పైకి పలుకుతుంది! క్లాసులో గొడవ మొదలవుతుంది, అదే మనకి కావలసింది. వాదించుకోనివ్వండి. తట్టినప్పుడు కదిలేది గాజు, దాంతోపాటు నీళ్లూ. బరువు పెరిగితే కదలిక మందగిస్తుంది. ఊదినప్పుడు పలికేది సీసాలో మిగిలిన గాలి. జాగా తగ్గితే కంపనం వేగమవుతుంది. నీళ్లు పోసిన గిన్నెలను పుల్లలతో తట్టి వాయించే జలతరంగం వినిపించడానికి ఇంతకంటే మంచి సమయం లేదు.

వినిపించేటప్పుడు 'శ్రద్ధగా వినండి' అంటే ఎవరూ వినరు. ఒక్క ప్రశ్న ఇవ్వండి: వేగం ఎక్కడ మారింది? లేదా, ఎన్ని వాయిద్యాలున్నాయి? రెండు నిమిషాల ముక్క చాలు.

ఏ ఆటా ఆరేడు నిమిషాలు దాటనివ్వకండి, విసుగు పుట్టకముందే మార్చేయాలి. వాయిద్యాలు పంచేముందు ఒక గుర్తు ఖాయం చేసుకోండి: మీరు పిడికిలి మూస్తే వాయించే పుల్లలు చంకలోకి వెళ్లాలి. ఉత్తి చేతులతో రెండుసార్లు అది సాధన చేయించాకే పంచండి. లేకపోతే మీ గొంతు పోతుంది, పక్క క్లాసు టీచర్ తలుపు దగ్గర నిలబడతారు.