మౌంటెన్ బైక్ కడిగాక మొదలయ్యే సమస్యలు - పరిష్కారాలు

బురద పట్టినన్నాళ్లూ బుద్ధిగా నడిచిన సైకిల్ కడిగిన మర్నాడే మొరాయిస్తే, తప్పు నీళ్లమీదికి నెట్టేయడం మామూలే. పాపం, నీళ్లు అంత చెడ్డవి కావు. ఒత్తిడితో లోపలికి కొట్టిన నీరు, చేరకూడని చోటికి చేరిన నూనె: కింద చెప్పిన ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఈ రెండే.

బ్రేకు కీచుమంటోంది, పట్టు లేదు

ముందు అది తడి వల్ల వచ్చే చప్పుడో, నూనె వల్ల వచ్చేదో తేల్చుకోవాలి. నాలుగైదుసార్లు బ్రేకు వేయగానే తగ్గితే తడే, దాన్ని మరిచిపోవచ్చు. ఎంత తొక్కినా చప్పుడు పోక, లివరు గట్టిగా నొక్కినా సైకిల్ జారుతూనే ఉంటే డిస్కుకు (చక్రంతోపాటు తిరిగే బ్రేకు పళ్లేనికి) నూనె అంటినట్టే. చైను మీద కొట్టిన స్ప్రే తుంపర వెనక డిస్కు మీద వాలుతుంది. చైను తుడిచిన గుడ్డతోనే డిస్కునూ తుడిచేవారూ ఉన్నారు.

దేనికీ వాడని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, మడతలు మారుస్తూ, నల్లమరక రావడం ఆగేదాకా డిస్కు రెండువైపులా తుడవండి. ప్యాడ్లు (డిస్కును పట్టి ఆపే బ్రేకు బిళ్లలు) విప్పి, చదునైన చోట పరిచిన గరుకు కాగితం మీద తేలిగ్గా రుద్దండి, పైమెరుపు పోతే చాలు. ప్యాడ్లు బయట ఉన్నంతసేపూ లివరు నొక్కవద్దు, వాటిని తోసే పిస్టన్లు ముందుకు వచ్చేస్తాయి. నూనె లోపలికి ఇంకిపోయిన ప్యాడ్లను మాత్రం మార్చాల్సిందే. వాటిని మంట మీద కాల్చే చిట్కాను నేను సమర్థించను. లోహపు పలకకూ ప్యాడుకూ మధ్య ఉన్న అతుకు ఆ వేడికి వదులైతే, అది బయటపడేది దిగుడు దారిలోనే.

బిగించాక గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ, చక్రం బిగుసుకుపోకుండా, నడక వేగానికి దిగేలా ఓ 20 సార్లు బ్రేకు వేయండి. పట్టు క్రమంగా తిరిగి వస్తుంది.

చక్రం తిప్పితే గరగర

చక్రాన్ని నేల నుంచి లేపి, ఒక చేయి ఫ్రేము మీద ఆనించి, మెల్లగా తిప్పండి. చెవికి అందని గరుకు కూడా అరచేతికి తెలుస్తుంది. ప్రెషర్ వాషర్‌తో పక్కనుంచి కొట్టిన నీరు హబ్బులోకి, అంటే చక్రం నడిమి ఇరుసు భాగంలోకి, చేరి ఉంటుంది. పెడల్ ఇరుసు, హ్యాండిల్ మెడ, వెనక సస్పెన్షన్ కీళ్లకూ ఇదే ప్రమాదం. అక్కడి సీళ్లు చిందే బురదను ఆపగలవు, ఎదురుగా వచ్చే జెట్టును ఆపలేవు. నీరు కలిసిన గ్రీజు మీగడలా తెల్లబడి పనికిరాకుండా పోతుంది, ఆ తర్వాత తుప్పు వస్తుంది.

విడి బంతులున్న హబ్బయితే విప్పి, తుడిచి, కొత్త గ్రీజు పెట్టండి. బంతులు మూసిన రింగులో ఉండే కార్ట్రిడ్జ్ బేరింగయితే మార్చడమే మేలు. ఇకమీదట బకెట్టు, మెత్తని బ్రష్షు, నెమ్మదిగా పారే పైపు వాడండి.

తెల్లారేసరికి చైను నారింజ రంగు

జిడ్డు వదిలించే మందు డీగ్రీజర్ నూనెనంతా లాగేసింది, తడిని ఎవరూ ఆరబెట్టలేదు. పైపై తుప్పయితే తుడిచి నూనె వేస్తే పోతుంది. లింకులు బిగుసుకుంటే చైను మార్చండి. తుప్పు వదిలించే ఆమ్లాల జోలికి వెళ్లవద్దు. వాటివల్ల చైను తెగే ప్రమాదం ఉందని సైకిల్ భాగాలు తయారుచేసే షిమానో తన సూచనల్లోనే హెచ్చరిస్తుంది.

నూనె వేసే తీరు కూడా ముఖ్యమే. చైను పూర్తిగా ఆరాకే, ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క వేయండి. పెడల్‌ను వెనక్కి తిప్పి, కాసేపాగి, పైన మిగిలినదంతా తుడిచేయండి. పని చేసేది లోపలి నూనె, పైన మిగిలేది దుమ్మును పట్టుకుంటుంది. గేరు చక్రాలను డీగ్రీజర్‌తో రుద్దేటప్పుడు వెనక చక్రం తీసి, వాటిని నేలవైపు వంచి పట్టుకుంటే మందు హబ్బులోకి కారదు.

ఫోర్కు పట్టిపట్టి కదులుతోంది

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు సీలు అంచున బురద ఎండి ఉంటుంది. ఫోర్కును నొక్కకముందే తడిగుడ్డతో అక్కడ తుడవండి. ఒక చుక్క ఫోర్కు నూనె రాసి కొన్నిసార్లు నొక్కితే నల్లటి వలయం పైకి వస్తుంది, దాన్నీ తుడిచేయండి. అప్పటికీ బిర్రుగానే ఉంటే సర్వీసుకు ఇవ్వండి. డీగ్రీజర్ మాత్రం అక్కడ కొట్టవద్దు.

బ్రేకు లివరు మెత్తబడింది

సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి కడిగారేమో చూడండి. రిజర్వాయరులోని (లివరు దగ్గరుండే బ్రేకు ద్రవపు తొట్టిలోని) గాలి గొట్టంలోకి వెళ్లి ఉంటుంది. నిటారుగా నిలబెట్టి లివరు పదేపదే నొక్కితే చాలాసార్లు సర్దుకుంటుంది. లేదంటే గాలి తీయించాలి. డాట్ (DOT) అనే రకం బ్రేకు ద్రవం వాడే బ్రేకులో మినరల్ ఆయిల్ పోసినా, అటుది ఇటు పోసినా సీళ్లు పాడవుతాయి.

రంగు మీద సన్నగీతలు

ఎండిన మట్టిని గుడ్డతో రుద్దారన్నమాట. ముందు నీళ్లతో నానబెట్టి, మట్టి దానంతటదే జారాక తుడవండి. పడిన గీతలు పాలిష్‌తో కొంత తగ్గుతాయి. మెరుపులేని రంగు మీద పాలిష్ వద్దు, మచ్చలు పడతాయి.

ఫ్రేములో నీళ్లు కదిలిన చప్పుడు

చాలా ఫ్రేములకు పెడల్ ఇరుసు కింద చిన్న రంధ్రం ఉంటుంది. బురదతో మూసుకుపోతే పుల్లతో తెరవండి. నీరు ఇంకా మిగిలి ఉంటే, సీటును మోసే గొట్టం తీసి ఆరనివ్వండి. తీసేముందు ఎత్తు తెలిసేలా టేపు చుట్టుకోండి.