135 మి.మీ. హబ్‌ని (సైకిల్ చక్రం మధ్యలో ఇరుసుండే భాగం) 130 మి.మీ. ఫ్రేమ్‌లో ఎక్కించడం ఎలా?

ముందు ఫ్రేమ్‌కి అయస్కాంతం అంటించి చూడండి. అంటుకుంటే స్టీలు, పని సులువే. అల్యూమినియం, కార్బన్ అయితే వంచే ఆలోచనే వద్దు.

రిమ్ బ్రేక్ (రిమ్‌ని పట్టే బ్రేక్) రోడ్ సైకిల్ ఫ్రేమ్ వెనక చక్రం పట్టే ఎడం 130 మి.మీ., క్విక్ రిలీజ్ (చేతి లివర్‌తో బిగించే) ఎంటీబీ (కొండదారుల సైకిల్) హబ్ 135, అంటే ఒక్కో పక్క రెండున్నర తేడా. స్టీలు ఫ్రేమ్‌ని చేత్తో ఎడంగా లాగి చక్రం దూర్చేయొచ్చు గానీ పంక్చర్ పడ్డ ప్రతిసారీ ఆ కుస్తీ తప్పదు. శాశ్వతంగా కావాలంటే ఒక్కో పక్కా విడివిడిగా, కొంచెం కొంచెంగా వంచుతూ కొలుచుకోవాలి. హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింది గొట్టం) చుట్టూ దారం తిప్పి రెండు కొసలూ బిగుతుగా డ్రాపౌట్లకి (వెనక ఇరుసు కూర్చునే గాళ్లకి) కట్టి, సీట్ ట్యూబ్‌కీ (సీటు కింది గొట్టానికీ) దారానికీ మధ్య ఎడం రెండు వైపులా చూడండి, తక్కువున్న పక్కే ఇంకా వంచాలి. తర్వాత డ్రాపౌట్లు, డీరైలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే పరికరం వేలాడే కొక్కెం) షాపులో సరిచేయించండి, లేకపోతే గేర్లు సరిగ్గా పడవు.

ఫ్రేమ్ ముట్టుకోవడం ఇష్టం లేకపోతే, రిమ్ బ్రేక్ హబ్ అయితేనే, ఎడమవైపు ఇరుసు మీది 5 మి.మీ. స్పేసర్ (ఎడం కోసం వేసే రింగు) తీసేయొచ్చు. కుడివైపుది కదిపితే క్యాసెట్ (వెనక గేర్ పళ్లచక్రాల గుత్తి) ఫ్రేమ్‌కి రాసుకుంటుంది. అప్పుడు స్పోక్స్‌తో రిమ్‌ని రెండున్నర మి.మీ. కుడికి జరపాలి. ఇరుసు కొస డ్రాపౌట్ దాటి బయటికొస్తే అరగదీయండి, లేదంటే క్విక్ రిలీజ్ ఎంత బిగించినా చక్రాన్ని పట్టదు.